విలుకాడి గురి: స్టోయిక్ తత్వమూ, ఉస్మానియా ప్రాంగణమూ

స్టోయిక్ తత్వమంటే కష్టాలను పంటి బిగువున ఓర్చుకునే విద్య అన్న అభిప్రాయం నేడు బాగా ప్రచారంలో ఉంది. వ్యక్తిత్వ వికాస గ్రంథాలు, సెల్‌ఫోన్ తెరల మీది రెండు నిమిషాల ఉపన్యాసాలు ఈ అభిప్రాయానికి మరింత ఊపునిచ్చాయి. వాటిలో ఎపిక్టిటస్, మార్కస్ ఆరీలియస్ వంటి పేర్లు తరచుగా వినిపిస్తున్నా, వారు చెప్పినదంతా బయట ఏమి జరిగినా చలించవద్దన్న ఒక్క హితవుగా కుంచించుకుపోయింది. ఆ హితవు వారి బోధలో లేకపోలేదు. అయితే దాని చుట్టూ ఉన్న తర్కాన్ని, ప్రకృతి విచారాన్ని, సాటి మనుషుల పట్ల ధర్మాన్ని ఒలిచివేసి, ఒంటరి మనిషి తొడుక్కునే కవచంగా దానిని మార్చివేయడం వల్ల, దాదాపు ఐదు శతాబ్దాల పాటు ఏథెన్స్ నుంచి రోము దాకా బానిసను, చక్రవర్తిని ఒకే ప్రశ్న ముందు నిలబెట్టిన దర్శనం తన సగం బలాన్ని కోల్పోతున్నది. మనిషికి వశమైనదేది, వశం కానిదేది, వశం కానిదాని ఎదుట అతడి కర్తవ్యమేమిటి అన్నదే ఆ ప్రశ్న. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనూ, దానిని ఆనుకుని ఉన్న తార్నాకలోనూ ఈ ప్రశ్న గ్రంథాలయపు అరలకే పరిమితమైనది కాదు. అక్కడ చదువుకునే వేలాదిమంది యువతీయువకుల దినచర్యలో అది ప్రతి ఉదయం ఎదురవుతూనే ఉంటుంది.

ఈ దర్శనానికి ఆద్యుడు సైప్రస్ ద్వీపంలోని కిటియం పట్టణానికి చెందిన జీనో. క్రీ.పూ. 300 ప్రాంతంలో అతడు ఏథెన్స్ నగరపు అంగడి పక్కన, చిత్రాలతో అలంకరించిన ఒక స్తంభాల మంటపంలో శిష్యులకు పాఠాలు చెప్పేవాడు. అటువంటి మంటపాన్ని గ్రీకులు స్టోవా అంటారు గనుక ఆ గుంపుకు స్టోయిక్కులన్న పేరు స్థిరపడింది. జీనో తర్వాత క్లియాంథీస్, అతడి తర్వాత క్రిసిప్పస్ ఆ సంప్రదాయాన్ని నడిపారు. వారి బోధలో తర్కం, ప్రకృతి విచారం, నీతి అనే మూడు విభాగాలు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. విశ్వమంతా ఒకే సజీవ దేహమని, నిప్పూ గాలీ కలిసిన ఊపిరి వంటి ఒక చైతన్యం దానినిండా వ్యాపించి ఉన్నదని, ఆ చైతన్యమే బుద్ధి అనీ, దైవమనీ, విధి అనీ వేర్వేరు పేర్లతో వ్యవహారంలో ఉన్నదని వారు భావించారు. మనిషిలోని వివేకం ఆ విశ్వబుద్ధిలో ఒక అంశం. అందుచేత ప్రకృతికి అనుగుణంగా బతకడమంటే అడవికి పోవడం కాదు, వివేకానికి అనుగుణంగా బతకడం. వివేకం మనుషులందరిలోనూ ఉన్నది గనుక తోటివారితో కలిసి బతకడం కూడా.

ఈ పునాది మీద వారు నిలబెట్టిన నీతి సూత్రం కఠినమైనది. సద్గుణం ఒక్కటే నిజమైన శ్రేయస్సు, దుర్గుణం ఒక్కటే నిజమైన చెడు. ఆరోగ్యం, ధనం, కీర్తి, పదవి, చివరికి ప్రాణం కూడా ఈ రెండింటిలో దేనికీ చెందవు. అయితే వాటి మధ్య తేడాయే లేదని స్టోయిక్కులు అనలేదు. ఆరోగ్యం ఎంచుకోదగినది, రోగం తోసిపుచ్చదగినది. కాని ఆరోగ్యం పోయినంత మాత్రాన మనిషి మంచితనం పోదు, ధనం చేరినంత మాత్రాన పెరగదు. ఈ సూత్రం నుంచే ఉద్వేగాల గురించిన వారి సిద్ధాంతం పుట్టింది. భయం, దుఃఖం, అత్యాశ, మితిమీరిన సంతోషం అనేవి మనసును బయటినుంచి వచ్చి ముంచెత్తే వరదలు కావని, ఎంచుకోదగినదాన్ని శ్రేయస్సుగా, తోసిపుచ్చదగినదాన్ని చెడుగా మనసు తప్పుగా నిర్ణయించడం వల్ల కలిగేవని వారి వాదం. తీర్పు తప్పు గనుక తీర్పును దిద్దుకోవచ్చు. స్టోయిక్ సాధన అంతా ఈ దిద్దుబాటే.

అలాగని వారి జ్ఞాని రాతిబొమ్మ కాడు. రోమన్ రచయిత ఆలస్ గెల్లియస్ ఒక సముద్రయానాన్ని వర్ణించాడు. తుఫానులో ఓడ తలకిందులయ్యే స్థితిలో, అందులో ప్రయాణిస్తున్న ఒక పేరున్న స్టోయిక్ ఆచార్యుడి ముఖం కూడా మిగిలినవారి ముఖాల్లాగానే పాలిపోయింది. గాలి తగ్గాక దీని సంగతేమిటని అడిగినప్పుడు, ఆయన తన సంచిలోంచి ఎపిక్టిటస్ ప్రసంగాల ప్రతిని తీసి అందులోని ఒక భాగం చూపించాడు: ఉరుము విని ఉలిక్కిపడడం, అలను చూసి రంగు మారడం శరీరం చేసే పని, ఆ అదురును చూసి ఇది నిజంగానే కీడు అని మనసు ఒప్పుకుందా లేదా అన్నదే జ్ఞానికీ అజ్ఞానికీ మధ్య తేడా. రోమన్ స్టోయిక్ సెనెకా కూడా క్రోధం గురించి రాసిన గ్రంథంలో ఈ తొలి కదలికను ఉద్వేగంతో కలపవద్దని హెచ్చరించాడు. ప్రచారంలో ఉన్న ఓర్పు సిద్ధాంతం మరిచిపోయిన సూక్ష్మాలలో ఇది మొదటిది.

రెండవది విలుకాడి ఉపమానం. సిసెరో తన నీతి గ్రంథంలో స్టోయిక్ అయిన కేటో నోట చెప్పించిన ఈ ఉపమానం ప్రకారం, విలుకాడు గురి చూడడంలో, వింటిని లాగడంలో, గాలివాటు గమనించడంలో తాను చేయగలిగిందంతా చేస్తాడు. బాణం వదిలాక గాలి తిరగవచ్చు, లక్ష్యం కదలవచ్చు. లక్ష్యాన్ని కొట్టడం అతడు ఎంచుకునేదే, కాని అతడి అంతిమ శ్రేయస్సు కొట్టడంలో లేదు, కొట్టడానికి చేయదగిన సమస్తం చేయడంలో ఉంది. ఇక్కడ జాగ్రత్తగా గమనించవలసినది ఒకటుంది. ఈ విలుకాడు ఫలితం పట్ల నిర్లక్ష్యంగా లేడు. నిర్లక్ష్యంగా ఉంటే గురే కుదరదు. లక్ష్యాన్ని పూర్తిగా కళ్లలో పెట్టుకుని, దానిని అందుకోవడం మీద తన విలువను నిలపకపోవడం అతడి విద్య.

ఈ ఉపమానానికి తార్నాకలో దొరికినంత మంది పాఠకులు బహుశా మరెక్కడా దొరకరు. తెల్లవారకముందే విశ్వవిద్యాలయ గ్రంథాలయం వైపు నడిచేవారు, ప్రాంగణంలోని చెట్ల కింద దినపత్రికలు, నోట్సులు పరుచుకుని కూర్చునేవారు, వీధుల్లోని స్టడీ హాళ్లలో నెలవారీ రుసుము కట్టి ఒక బల్లను తమదిగా చేసుకునేవారు, సాయంత్రం మెస్సులో భోజనం చేస్తూ కరెంట్ అఫైర్స్ వల్లెవేసుకునేవారు, వీరిలో అత్యధికులు గ్రూప్-1, గ్రూప్-2, సివిల్స్ వంటి పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్నవారే. పోస్టులు వందల్లో, అభ్యర్థులు లక్షల్లో ఉన్న చోట, ఎంత శ్రమించినా కటాఫ్ దగ్గర ఆగిపోయేవారే ఎక్కువ. యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 2013లో మెయిన్స్‌లో 250 మార్కులకు నీతిశాస్త్ర పత్రాన్ని చేర్చి, భారతీయ, ప్రపంచ నీతి చింతకుల బోధలను పాఠ్యాంశం చేసింది. దానితో స్టోయిక్కులు కోచింగ్ నోట్సుల్లోకి రెండు మూడు వాక్యాలుగా ప్రవేశించారు. అదే పరీక్షలో తత్వశాస్త్రాన్ని ఐచ్ఛికంగా తీసుకునేవారి పాఠ్యప్రణాళిక మాత్రం ప్లేటో, అరిస్టాటిల్ తర్వాత ఏకంగా డెకార్ట్, స్పినోజాల దగ్గరికి దూకుతుంది. మధ్యలో స్టోయిక్కుల ఊసే లేకపోవడం విచారకరం, ఎందుకంటే ఉద్వేగాల మీద స్పినోజా చేసిన ఆలోచన స్టోయిక్కులు లేకుండా సరిగా అర్థం కాదు.

తెలంగాణలో గ్రూప్-1 అభ్యర్థులకు విలుకాడి ఉపమానంలోని గాలి ఎలా తిరగగలదో ఇటీవలి చరిత్ర చూపింది. 503 పోస్టుల కోసం 2022 అక్టోబరు 16న ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రాల లీకు బయటపడడంతో 2023 మార్చిలో అది రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ జరిపిన ప్రిలిమ్స్‌ను అదే సంవత్సరం సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. కొత్త నోటిఫికేషన్ వెలువడి, 2024 జూన్ 9న మూడవసారి ప్రిలిమ్స్ జరిగేసరికి, మొదటిసారి పుస్తకం తెరిచిన అభ్యర్థి వయసులో రెండేళ్లు కరిగిపోయాయి. గురి తప్పలేదు, బాణమూ తప్పలేదు. లక్ష్యాన్నే ఎవరో ఎత్తుకుపోయారు. ఇటువంటి సందర్భంలో స్టోయిక్ తత్వం ఏమి చెబుతుంది? ప్రచారంలో ఉన్న రూపమైతే ఫలితం వశంలో లేదు గనుక మౌనంగా మరో నోటిఫికేషన్ కోసం ఎదురుచూడమని చెబుతుంది. అసలు స్టోయిక్కులు అంతటితో ఆగరు. పరీక్ష నిష్పాక్షికంగా జరగడమన్నది అభ్యర్థికి వశం కాకపోవచ్చు, కాని దానిని నిర్వహించేవారికి పూర్తిగా వశమైన విషయం. అక్కడ అది విధి లీల కాదు, న్యాయమనే సద్గుణానికి సంబంధించిన విషయం. ఒకరికి వశం కానిది మరొకరికి వశమై ఉంటుందన్న ఈ సత్యమే స్టోయిక్ విభజనలో తరచుగా విస్మరణకు గురయ్యే రెండవ సగం.

ఈ రెండవ సగాన్ని స్టోయిక్కులు ఎంత తీవ్రంగా పట్టించుకున్నారో వారిలో వారికి జరిగిన ఒక వాదం చెబుతుంది. రోడ్స్ ద్వీపంలో కరువు వచ్చింది. ఒక వర్తకుడు అలెగ్జాండ్రియా నుంచి ఓడ నిండా ధాన్యంతో చేరుకున్నాడు. వెనుక మరెన్నో ధాన్యపు ఓడలు వస్తున్నాయని అతడికి తెలుసు, ఊరివారికి తెలియదు. ఆ సంగతి దాచి అధిక ధరకు అమ్ముకోవచ్చా? చట్టం అడిగినంత మేరకు చెబితే చాలునని, దాచడం వేరు, చెప్పకపోవడం వేరని బాబిలోనియా వాడైన డయోజెనీస్ వాదించాడు. అతడి శిష్యుడు, టార్సస్ వాడైన ఆంటిపేటర్ దీనికి ఒప్పుకోలేదు. కొనేవాడికి తెలియవలసిన ఏ సంగతీ అమ్మేవాడు దాచరాదని, మానవ సంఘానికి మేలు చేయడం ప్రకృతి మనిషికి అప్పగించిన పని అని అతడి నిర్ణయం. ఆకలితో ఉన్న కొనుగోలుదారుకు ధర వశంలో లేదు. సమాచారం వర్తకుడి వశంలో ఉంది. ఆంటిపేటర్ తన తూకాన్ని వర్తకుడి మీదనే పెట్టాడు.

విలుకాడి ఉపమానం వినగానే తెలుగు పాఠకుడికి భగవద్గీతలోని నిష్కామ కర్మ, స్థితప్రజ్ఞుడి లక్షణాలు స్ఫురించడం సహజం. పోలిక నిజమైనదే, సుఖదుఃఖాలను సమంగా చూడడం, తన పాత్రకు తగిన కర్తవ్యాన్ని విడవకపోవడం రెండుచోట్లా ఉన్నాయి. ఎపిక్టిటస్ కూడా కొడుకు, సోదరుడు, పౌరుడు అనే పాత్రల ఆధారంగానే కర్తవ్యాన్ని నిర్ణయిస్తాడు. కాని రెండింటినీ ఒకటిగా కలిపివేస్తే నష్టపోయేది రెండూ. గీతలో కర్మఫలం ఈశ్వరార్పణమవుతుంది, చూపు మోక్షం వైపు ఉంటుంది; స్టోయిక్కుకు పునర్జన్మ లేదు, ఈ లోకం దాటిన విముక్తి లేదు, ఉన్న ఒక్క జీవితంలో వివేకంతో నడవడమే గమ్యం. గీతలో స్వధర్మం వర్ణంతో ముడిపడి ఉంటుంది; స్టోయిక్కుకు అన్ని పాత్రలకన్నా ముందు విశ్వనగర పౌరసత్వం అనే పాత్ర ఉంటుంది. ఈ చివరి తేడా చిన్నది కాదు.

విధి విషయంలో మాత్రం స్టోయిక్కులకు నిజమైన చిక్కు ఉంది. జరిగేదంతా కారణాల గొలుసులో ముందే నిర్ణయమై ఉంటే మనిషి ప్రయత్నానికి అర్థమేమిటని వారి ప్రత్యర్థులు నిలదీశారు. రోగం నయం కావాలని రాసి ఉంటే వైద్యుడు వచ్చినా రాకపోయినా నయమవుతుంది, లేకపోతే ఎవరు వచ్చినా నయం కాదు అన్నది వారి ఎత్తిపొడుపు. రాసిపెట్టి ఉంటే అదే వస్తుందిలే అని తార్నాక హాస్టళ్లలో ఫలితాల ముందురోజు వినిపించే మాట ఇదే వాదానికి తెలుగు రూపం. క్రిసిప్పస్ జవాబు సూటిగా ఉంది: నయం కావడం నిర్ణయమై ఉంటే వైద్యుడిని పిలవడం కూడా దానితోపాటే నిర్ణయమై ఉంటుంది, ప్రయత్నం కారణాల గొలుసు బయట నిలబడి చూసేది కాదు, గొలుసులోనే ఒక కడియం. వాలులో ఒక దిమ్మెను తోస్తే తోపు బయటినుంచే వచ్చినా, అది దొర్లడానికి కారణం దాని గుండ్రటి ఆకారమే. అలాగే పరిస్థితులు తోసినా, మనిషి ఎటు దొర్లుతాడన్నది అతడి స్వభావం నిర్ణయిస్తుంది. సంస్కృత యోగవాసిష్ఠం ఇదే చిక్కును మరో దారిలో విప్పింది. దైవమన్నది పూర్వపు పురుష ప్రయత్నానికి మరో పేరు మాత్రమేనని, పాత ప్రయత్నమూ కొత్త ప్రయత్నమూ రెండు పొట్టేళ్లలా ఢీకొంటాయని, బలమైనది గెలుస్తుందని వసిష్ఠుడు రాముడికి చెబుతాడు. 15వ శతాబ్దంలో మడికి సింగన వాసిష్ఠ రామాయణంగా తెలుగులోకి తెచ్చిన సంప్రదాయమిది. క్రిసిప్పస్ విధిని నిలుపుకుంటూనే ప్రయత్నానికి చోటు చూపగా, వాసిష్ఠం విధినే ప్రయత్నంలో కరిగించివేసింది. తర్కం దృష్టితో చూస్తే క్రిసిప్పస్ పరిష్కారం బిగువైనది. నిరాశలో ఉన్న మనిషిని లేపి నిలబెట్టే శక్తి వాసిష్ఠంలో ఎక్కువ.

ఈ రెండు చింతనా లోకాలు ఒకదానికొకటి పూర్తిగా అపరిచితాలు కావు. ఎపిక్టిటస్ ఒక్క గ్రంథం కూడా రాయలేదు. బానిసగా పుట్టి, రోములో స్వేచ్ఛ పొంది, డొమీషియన్ చక్రవర్తి తత్వవేత్తలను వెళ్లగొట్టినప్పుడు నికోపోలిస్ చేరి అక్కడ పాఠశాల నడిపిన ఆయన మాటలను రాసిపెట్టినవాడు శిష్యుడైన ఏరియన్. అలెగ్జాండర్ దండయాత్ర చరిత్రను, దానితోపాటు భారతదేశం గురించిన ఇండికా గ్రంథాన్ని రాసిందీ ఈ ఏరియనే. నిన్ను వశపరచుకోలేని చోట రాజు ఏమీ చేయలేడని గురువు నోట విన్న చెవులే, అలెగ్జాండర్ ఆహ్వానాన్ని తిరస్కరించిన దండమిస్ అనే భారతీయ తాపసి కథను, పారశీక దేశంలో చితి పేర్చుకుని సేన కళ్ల ముందు నిశ్చలంగా దహనమైన కలనోస్ కథను ఆసక్తితో నమోదు చేశాయి. అంతకు చాలా ముందే, నొప్పి గురించిన వాదాలన్నీ నేర్చుకోవడం కన్నా మంటల్లో కాలుతున్న ఒక్క భారతీయుడిని చూడడం మేలని జీనో అన్నట్టు అలెగ్జాండ్రియా వాడైన క్లెమెంట్ రాశాడు. ఇటువంటి కథల్లో గ్రీకులు తమకు కావలసిన జ్ఞానిని భారతదేశంలో ఊహించుకున్న పాలు తప్పక ఉంటుంది.

తెలుగు నేల విషయంలో సాక్ష్యం మరింత గట్టిది. సెనెకా సమకాలికుడైన ప్లినీ, ఆంధ్రుల రాజ్యంలో ప్రాకారాలు గల 30 పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రపు దళం, 1,000 ఏనుగులు ఉన్నాయని పేర్కొన్నాడు. భారతదేశపు సరుకుల కోసం రోము నుంచి ఏటా 5 కోట్ల సెస్టర్సుల ధనం తరలిపోతున్నదని వాపోయాడు. నాగార్జునకొండ తవ్వకాల్లో బయటపడిన రోమన్ బంగారు నాణేలలో ఒకటి ఆంటోనినస్ పియస్ భార్య ఫౌస్టీనాది. ఆ ఫౌస్టీనాకు మార్కస్ ఆరీలియస్ స్వయానా అల్లుడు. మార్కస్ డాన్యూబ్ నది ఒడ్డున యుద్ధ శిబిరంలో తనకోసం గ్రీకులో ఆత్మచింతనలు రాసుకుంటున్న 2వ శతాబ్దంలోనే కృష్ణా తీరంలో సాతవాహనుల పాలన సాగుతున్నది.

ఆ సాతవాహన రాజులలో ఒకరికి ఆచార్య నాగార్జునుడు రాసినట్టు బౌద్ధ సంప్రదాయం చెప్పే సుహృల్లేఖను, సెనెకా తన మిత్రుడు లూసిలియస్‌కు రాసిన 124 లేఖల పక్కన పెట్టి చదవడం ఫలవంతమైన పని. రెండూ అధికారంలో ఉన్న మిత్రుడికి నీతి బోధించే లేఖలే. సంస్కృత మూలం నష్టమై, టిబెటన్, చైనీస్ అనువాదాల్లో నిలిచిన సుహృల్లేఖలో నాగార్జునుడు అష్టలోక ధర్మాలను ప్రస్తావిస్తాడు. లాభం, నష్టం, కీర్తి, అపకీర్తి, పొగడ్త, నింద, సుఖం, దుఃఖం అనే ఈ ఎనిమిదింటినీ సమంగా చూడమని, అవి మనసులో చోటు చేసుకోదగ్గవి కావని రాజుకు చెబుతాడు. స్టోయిక్కులు శ్రేయస్సుకూ చెడుకూ చెందనివిగా లెక్కించిన వాటి జాబితా కూడా దాదాపు ఇదే. కాని కారణం వేరు. సెనెకా ఈ ఎనిమిదింటినీ తేలిక చేసేది లోపల ఒక దృఢమైన, విశ్వబుద్ధిలో భాగమైన ఆత్మను నిలబెట్టడానికి. నాగార్జునుడు ఆ లోపలి ఆత్మ కూడా కారణాల కూడికే తప్ప స్వతంత్రంగా లేదంటాడు. ఒకరు కోటను కడుతుంటే మరొకరు కోటలో ఎవరూ లేరని చూపిస్తున్నారు. ఆచరణలో ఇద్దరూ ఒకే రాజును, అంటే ఒకే రకమైన సౌమ్యుడైన, దానశీలుడైన రాజును తయారు చేయాలనుకున్నారన్నది ఆశ్చర్యకరమే గాని, సిద్ధాంతాల తేడాను చెరిపివేసేది కాదు.

గ్రీకు నీతి హైదరాబాదుకు చేరిన దారి మాత్రం అరబ్బీ, పారశీకాల మీదుగా వచ్చింది. 9వ శతాబ్దపు బాగ్దాదు తత్వవేత్త అల్ కిందీ దుఃఖాన్ని తొలగించుకునే ఉపాయం గురించి రాసిన చిన్న గ్రంథంలో ఒక ఓడ ప్రయాణం వస్తుంది. ఓడ రేవులో ఆగినప్పుడు దిగినవారిలో కొందరు పూలు, గవ్వలు, రంగురాళ్లు ఏరుకుంటూ ఉండిపోతారు. మోత బరువెక్కుతుంది, చోటు ఇరుకవుతుంది, కొందరు నావికుడి పిలుపే వినరు. ఈ కథకు మూలం ఎపిక్టిటస్ సంగ్రహ గ్రంథంలో ఉంది. కిందీ నుంచి మిస్కవైహ్, అతడి నుంచి నసీరుద్దీన్ తూసీ రాసిన అఖ్లాకె నాసిరీ దాకా ఈ చింతన నడిచింది. ఆ పారశీక నీతిగ్రంథం మొగలు కాలపు విద్యలో ముఖ్యమైన పాఠ్యం. 1888లో ఏర్పడి, తర్వాత ఉస్మానియా ప్రాంగణంలో స్థిరపడిన దాయిరతుల్ మారిఫ్ సంస్థ అరుదైన అరబ్బీ రాతప్రతులను పరిష్కరించి ముద్రించింది. గ్రీకు, భారతీయ తత్వాలను పక్కపక్కన పెట్టి తూచిన అల్ బిరూనీ భారత గ్రంథం 1958లో అక్కడే అచ్చయింది. 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా, అంటే అనువాద విభాగం, విశ్వవిద్యాలయ బోధన కోసం పాశ్చాత్య శాస్త్ర, తత్వ గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. ఖలీఫా అబ్దుల్ హకీం వంటి ఆచార్యులు తత్వశాస్త్రాన్ని ఉర్దూలోనే బోధించారు. ఆ కృషి గొప్పది. అదే సమయంలో, సంస్థానంలో అత్యధికుల మాతృభాష అయిన తెలుగులో అటువంటి అనువాద విభాగమేదీ లేకపోవడం వల్ల కలిగిన లోటు నేటికీ పూడలేదు. స్టోయిక్ గ్రంథాల సమగ్రమైన, వ్యాఖ్యాన సహితమైన తెలుగు అనువాదాల అవసరం ఇంకా మిగిలే ఉంది.

స్టోయిక్ తత్వం మీద తీవ్రమైన ఆక్షేపణ అది పుట్టిన చోటునుంచే వస్తుంది. బానిస కూడా లోపల స్వతంత్రుడేనని వారు చెప్పారు. బానిసత్వాన్ని రద్దు చేయమని మాత్రం చెప్పలేదు. సెనెకా తన 47వ లేఖలో బానిసలను మనుషులుగా, సహచరులుగా చూడమని, వారితో కూర్చుని భోజనం చేయమని ఎంతో హృద్యంగా రాశాడు. ఆయనే అపార సంపదకు, ఎందరో బానిసలకు యజమానిగా జీవించాడు. బానిసకు తన విడుదల వశంలో లేదు నిజమే, సెనెకాకు ఉంది. తాను బోధించిన విభజనను ఆయన బానిస వైపునుంచి వర్తింపజేశాడు తప్ప యజమాని వైపునుంచి వర్తింపజేయలేదు. ఇది వ్యక్తి లోపమని సరిపెట్టుకోవడం కుదరదు. పరిస్థితి ఏదైనా మనసు స్వేచ్ఛగా ఉండగలదన్న బోధ, పరిస్థితిని మార్చగల శక్తి ఉన్నవాడి నోట వచ్చినప్పుడు అన్యాయానికి ఆసరా అవుతుంది.

భారతదేశంలో ఈ ఆక్షేపణను పదునుగా ముందుకు తెచ్చినవాడు డాక్టర్ అంబేడ్కర్. 1953 జనవరి 12న ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డి.లిట్. పట్టాను ప్రదానం చేసింది. ఆయన మరణానంతరం 1957లో వెలువడిన బుద్ధుడు, ఆయన ధర్మం అన్న గ్రంథపు ముందుమాటలో, జీవితమే దుఃఖమని చెప్పే నాలుగు ఆర్యసత్యాలు బుద్ధుడి అసలు బోధేనా, భిక్షువులు తర్వాత చేర్చినవా అని ఆయన ప్రశ్నించాడు. మనిషి మనిషికి కలిగించే దుఃఖాన్ని ఓదార్పుతో కప్పివేయరాదని, ధర్మం పని దానిని తొలగించడమని ఆయన పట్టుదల. స్టోయిక్కులకు ఈ ప్రశ్న వేస్తే జవాబు లేకపోదు. 2వ శతాబ్దపు హైరోక్లీస్ ప్రతి మనిషి చుట్టూ వలయాలను ఊహించాడు: తాను, కుటుంబం, బంధువులు, ఊరివారు, దేశస్థులు, చివరికి మానవజాతి, బయటి వలయాల్లోని వారిని లోపలి వలయాల్లోకి లాగుతూ ఉండడమే వివేకి చేయవలసిన పని. స్త్రీలకు కూడా తత్వవిద్య నేర్పాలని మ్యూసోనియస్ రూఫస్ వాదించాడు. ఈ ఆలోచనలను వాటి చివరిదాకా తీసుకుపోతే బానిసత్వం నిలవదు. ప్రాచీన స్టోయిక్కులు అంత దూరం వెళ్లలేదు, అందుకు వారిని తప్పుపట్టక తప్పదు. కాని దారిని వేసినవారు వారే.

ఆ దారిలో చాలా దూరం నడిచినవారూ వారిలో ఉన్నారు. వెస్పాసియన్ చక్రవర్తి సెనేట్ సభ్యుడైన హెల్విడియస్ ప్రిస్కస్‌ను సభకు రావద్దని ఆదేశించిన సంగతిని ఎపిక్టిటస్ తన శిష్యులకు వివరంగా చెప్పేవాడు. సభ్యత్వం తీసివేయడం చక్రవర్తి చేతిలో పని అని, అది ఉన్నంతకాలం రావడం తన పని అని హెల్విడియస్ జవాబిచ్చాడు. వస్తే మాట్లాడవద్దంటే, అభిప్రాయం అడగకపోతే మాట్లాడనన్నాడు. అడగక తప్పదంటే, న్యాయమనిపించింది చెప్పక తప్పదన్నాడు. చంపుతానంటే, చంపడం నీ పని, వణకకుండా చావడం నా పని అన్న భావంతో బదులిచ్చాడు. తర్వాత అతడికి దేశబహిష్కారం, మరణశిక్ష పడ్డాయి. ఈ సంభాషణలో వశమైనదానికీ వశం కానిదానికీ మధ్య గీత ప్రతి వాక్యంలోనూ కనిపిస్తుంది, కాని అది వెనక్కి తగ్గడానికి గీసిన గీత కాదు. ఎక్కడ నిలబడాలో చూపే గీత.

ఉస్మానియా చరిత్రలో దీనికి దగ్గరగా నిలిచే ఘట్టం 1938 చివరలో జరిగింది. వసతి గృహాల్లో ప్రార్థన వేళ విద్యార్థులు వందేమాతరం పాడడాన్ని అధికారులు నిషేధించారు; విద్యార్థులు పాట మానలేదు, సమ్మెకు దిగారు; వందలాదిమందిని విశ్వవిద్యాలయం వెళ్లగొట్టింది. వారు ఎపిక్టిటస్‌ను చదివి ఆ పని చేశారని ఎవరూ అనరు, వారిని కదిలించినవి జాతీయోద్యమం, సంస్థాన పరిస్థితులు. అయినా ఆ సంఘటనలో ఎవరికి ఏది వశమైనదన్న లెక్క హెల్విడియస్ కథలోనంత స్పష్టంగా ఉంది. బహిష్కరణ ఉత్తర్వు అధికారుల చేతిలో ఉంది, పాడడమూ మానడమూ విద్యార్థుల చేతిలో ఉన్నాయి; చదువు మధ్యలో ఆగిపోయిన ఆ విద్యార్థులకు తమ భవిష్యత్తు మాత్రం తమ వశంలో లేకుండా పోయింది. అది వశంలో ఉన్నవారు వేరే నగరంలో ఉన్నారు. నాగపూర్ విశ్వవిద్యాలయం తలుపులు తెరిచి వారిలో చాలామందిని చేర్చుకుంది.